మేడ మీంచి లెక్కపెట్టిన మామిడితోట

"నా మొహం మీద ఇప్పుడు ఏం లేదో చెప్పండి చూద్దాం?"

ఉదయ్ కుమార్ ఈ ప్రశ్న వేసింది తిరువూరు బస్టాండు ఎదురుగా, గ్లోరి టీ కొట్టు బెంచీ మీద కూర్చుని, ఎండ కాస్త మెత్తబడిన నాలుగు గంటల వేళ. ఫలానా వాళ్ళనని కాదు, బెంచీలన్నిటినీ కలిపి అడిగాడు.

"సిగ్గు," అన్నాడు ఆటో ఐజాక్, గ్లాసులోంచి తలెత్తకుండా.

బెంచీలు నవ్వాయి. ఉదయ్ కుమార్ కూడా నవ్వాడు. కోతలు కోసేవాడికి ఉండాల్సిన మొదటి గుణం అది. తన మీద పడ్డ నవ్వులో ముందు తనే చేరిపోతాడు, ఆ చనువుతో తర్వాత జనం చెవులు పట్టుకుంటాడు.

"హెడ్‌సెట్టు లేదు," అన్నాడు. "కళ్ళకి కట్టుకునే పెట్టె. మిక్స్‌డ్ రియాలిటీ అంటారు దాన్ని. మంచి రకం కొనాలంటే ఇవాళ మూడు పాడిగేదెలు, దూడలతో సహా అమ్ముకోవాలి. కానీ ఇంకో రెండేళ్ళు ఆగండి. తిరువూరులో మీసం లేని మొహమైనా కనబడుతుంది గాని ఆ పెట్టె లేని మొహం కనబడదు. రాసిపెట్టుకోండి."

బెంచీ చివర కూర్చున్న కనకమ్మ ఏమీ రాసిపెట్టుకోలేదు. ఆవిడ చేతిలో ఉన్నది ఉదయ్ కుమార్ ముందే రాసిపెట్టుకొచ్చిన కాగితం. పెనుగొలనులో ఆవిడకున్న నాలుగెకరాల బంగినపల్లి తోటలో ఈ ఏడు కాపు ఆరు టన్నులని, ఆ లెక్క ఉదయ్ కుమార్ గారి హెడ్‌సెట్టు చూసి చెప్పిందని, అదే ఆఖరి మాటని, ఇద్దరికీ సమ్మతమని అందులో ఉంది. కింద ఆవిడ సంతకానికి చోటుంది. ఐదున్నరకి పెనుగొలను బస్సు. ఆ లోపు సంతకం పెడితే తోట ఆయన కొన్నట్టు. పెట్టకపోతే రేపటి నుంచి తను నూజివీడు వైపు తోటలు చూసుకుంటానన్నాడు. ఈ ఏడు ఆవిడ గుమ్మం తొక్కిన వ్యాపారి ఆయనొక్కడే, అదీ తోట దాకా రాలేదు. పైగా వారం నుంచీ సాయంత్రం పూట గాలి తిరుగుతోంది. ఒక్క గాలివాన వస్తే కాపంతా నేలపాలు.

ఆ పక్కల మామిడి కాపు చెట్టు మీద ఉండగానే అమ్ముతారు. కొనేవాడు కాయ తక్కువుందంటాడు, అమ్మేవాళ్ళు ఎక్కువుందంటారు. అందుకని ఇద్దరికీ చుట్టం కానివాణ్ణి ఒకణ్ణి పిలుస్తారు. అతను పొద్దున్నే తోటంతా నడిచి, చెట్టుని ముట్టుకోకుండా, వట్టి చూపుతో ఇన్ని టన్నులని చెబుతాడు. ఆ మాటకి ఇద్దరూ కట్టుబడాలి. ఇంకో కట్టుబాటు కూడా ఉంది. కాయ చెట్టు మీద ఉండగా తోట గలవాళ్ళు దాని లెక్క నోటితో చెప్పకూడదు. చెబితే దిష్టి. కనకమ్మ అత్తగారు ఏనాడూ చెప్పలేదు, కనకమ్మా చెప్పలేదు. అమ్మేవాళ్ళ నోరు కట్టేసి కొనేవాడి నోరు వదిలేసిన ఈ ఏర్పాటు ఎవరు చేశారో గాని, చేసినవాడికి తోట మాత్రం ఉండి ఉండదు.

కనకమ్మ తోటకి పదేళ్ళుగా చూపు శాంతయ్యది. ఆయన మాట ఏ ఏడూ టన్నుకి మించి అటూ ఇటూ పోలేదు. ఇప్పుడు ఆయన కూడా అదే కొట్టు ముందు, ఎదురు బెంచీ మీద, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. పదిహేను రోజుల కిందట కుడికంటికి శుక్లాల ఆపరేషనైంది. మొహానికి నల్లద్దాలు. "సగం చూపుతో నాలుగెకరాలెలా చూస్తాడండీ? రెండెకరాలే కనబడతాయి" అని ఉదయ్ కుమార్ పొద్దున కనకమ్మ చెవిన వేసిన మాట అప్పట్నుంచీ ఆవిడ చెవిలోనే ఉంది. ఆ అనుమానం ఆవిడక్కూడా లేకపోతే ఆ మాట అంతసేపు అక్కడ ఉండేది కాదు.

గ్లోరి మిరపకాయ బజ్జీల వాయి దించింది. పెట్టివ్వడానికి న్యూస్‌పేపరు ముక్కల కోసం తడుముకుంది. "అయిపోయినట్టున్నాయి. పిన్నీ, నీ సంచిలో కాగితాలేవో కనబడుతున్నాయే?"

"కవర్లు. మిగిలినవి వెనక్కి ఇద్దామని కొన్న కొట్టుకి పట్టుకొస్తే, మేం తీసుకోం అన్నారు. వాడుకో," అంది కనకమ్మ. గోధుమరంగువి, లోపల నల్లటి పూత ఉన్న కాగితపు కవర్లు. గ్లోరి తలా ఒక కవర్లో రెండేసి బజ్జీలు పెట్టి అందించింది. శాంతయ్య తన కవరుని రెండు వేళ్ళ మధ్య నలిపి చూసుకుని ఏదో అడగబోయాడు గాని, ఉదయ్ కుమార్ గొంతు అప్పటికే లేచింది.

"మొదట్లో నేనూ నమ్మలేదండీ. ఫిబ్రవరిలో హైదరాబాదు వెళ్ళానా, మా బావమరిది ఒక పెద్ద మాల్‌కి తీసుకెళ్ళాడు. అక్కడో కొట్టులో ఆ పెట్టె ఊరికే పది నిమిషాలు పెట్టి చూపిస్తున్నారు. నా ముందు పెట్టుకున్నవాళ్ళు ముగ్గురు తల తిరిగి కుర్చీల్లో కూలబడ్డారు. నేను మాత్రం పొలం గట్టు మీద హద్దురాయిలా నిలబడ్డా. అంతే. అంతకుమించి నా గొప్పేం చెప్పను."

ఇంతవరకూ నిజమే అయి ఉంటుందనుకుంది కనకమ్మ. ఎంత ఎత్తు అబద్ధానికైనా పునాది నిజంతోనే తీస్తారు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"తెలిస్తే నీ ఎదురుగా ఎందుకు కూర్చుంటాం?" అంది గ్లోరి.

"పెట్టెలో ఒక జంతువొచ్చింది. తాటిచెట్టంతది. దాన్ని చూసి అందరూ వెనక్కి దూకుతారంట. నేను, 'ఏయ్, పక్కకి జరుగు, వెనకాల కొండ కనబడట్లేదు' అన్నా. జరిగింది. కొట్టులో వాళ్ళకి నోట మాట లేదు. రెండేళ్ళుగా అది ఎవరి మాటా వినలేదంట. పై అంతస్తు నుంచి మేనేజరు దిగొచ్చి, 'సార్, మీదే ఊరు' అన్నాడు. తిరువూరన్నా. 'అదీ సంగతి' అన్నాడు."

"దానికి తెలుగొచ్చా?" అన్నాడు ఐజాక్.

"నా గొంతుకి భాషతో పనిలేదు ఐజాకూ. ఇక వాళ్ళు వదల్లేదు. కొత్త పెట్టె ఒకటి చేతిలో పెట్టి, 'దీన్ని మామిడి ప్రాంతంలో మీరే పరీక్ష చేసి చెప్పాలి సార్' అని బతిమాలారు. పోనీలే అని తెచ్చా."

"ఏదీ, ఒకసారి చూపించండి."

"దానికి ఎండ పడదు. ఇంట్లో ఫ్రిజ్ పక్కన పెట్టా."

ఉదయ్ కుమార్ బజ్జీ కొరికి, కారానికి ఒకసారి గాలి పీల్చుకుని, మళ్ళీ అందుకున్నాడు. ఇంటికి తెచ్చిన మర్నాడే కరెంటు పోయిందట. భార్య శ్రీలలిత ఇడ్లీలు దించి, పచ్చడెలాగని దిక్కులు చూస్తోందట. "నేను పెట్టె కట్టుకుని, గాల్లో రోలు పెట్టి, గాల్లో పొత్రం తిప్పి, కొబ్బరి పచ్చడి రుబ్బేశా. నలుగురికీ సరిపోయింది."

"ఉప్పు?" అంది గ్లోరి.

"కాస్త తక్కువైంది. అబద్ధం ఎందుకు చెప్పాలి."

"అవును, ఎందుకు?" అన్నాడు ఐజాక్.

"ఇంకా విను. ఒకరోజు మంచం మీద పడుకునే, పెట్టెలోనే విజయవాడ బస్సెక్కా. కిటికీ పక్క సీటు. మైలవరం దాటాక కండక్టరొచ్చి టికెట్టన్నాడు. లుంగీలో ఉన్నా, చిల్లరెక్కడుంటుంది? నడిదారిలో దింపేశాడు. దింపితే ఎక్కడికి దిగుతా? మంచం మీంచి కిందికి. ఇదిగో, సాక్ష్యం," అని మోచెయ్యి తిప్పి చూపించాడు. నిజంగానే అక్కడొక గీరుడుంది. దాన్ని చూసి ఇద్దరు ముగ్గురు తలలూపారు కూడా. మనుషుల సంగతి ఇంతే. బస్సుకి సాక్ష్యం మోచేతి మీద ఉంటే చాలంటారు.

ఐజాక్ మాత్రం తలూపలేదు. "సరే, పెట్టె గొప్పదే అనుకుందాం. అందరిదీ అవుతుందని ఎలా అంటారు? మూడు గేదెల ఖరీదు పెట్టి కళ్ళకి కట్టుకునేదెవరు?"

"సెల్‌ఫోను వచ్చిన కొత్తలో ఇలాగే అన్నారు. మా నాన్న కొన్నప్పుడు, వచ్చిన ఫోను ఎత్తినా డబ్బులు కట్టాలి. ఊరంతా నవ్వింది. ఇవాళ గొర్రెలు కాసుకునే ఆయన దగ్గర రెండున్నాయి. ఇదిగో, గ్లోరి కొట్టు ముందు డబ్బులు కట్టే ఈ స్కాను అట్ట ఉంటుందని పదేళ్ళ కిందట ఎవరనుకున్నారు?"

ఇది మాత్రం గట్టి మాటే. గ్లోరి పాలగిన్నె వైపు ఒక కన్నేసి ఉంచి అంది, "స్కాను అట్ట నా కళ్ళకి అడ్డం రాదుగా. మీ పెట్టె కట్టుకుంటే పాలు పొంగుతున్నాయో లేదో కనబడుతుందా?"

"అదే దాని గొప్ప. ఉన్నదీ కనబడుతుంది, లేనిదీ కనబడుతుంది. పాలు కనబడతాయి, ఇంకెన్ని సెకన్లలో పొంగుతాయో పాల మీదే రాసి ఉంటుంది."

"ఆ రాత చదువుతూ కూర్చుంటే పొంగవా?"

"పైగా మన ఎండలకి," అన్నాడు ఐజాక్. "మే నెలలో నా మొహం మీద చెమటే బరువు. ఫోను జేబులో కూర్చుంటుంది కాబట్టి అందరిదీ అయింది. మొహమెక్కి కూర్చునేదాన్ని ఎన్ని గంటలు మోస్తారు?"

"మా నాన్న రోజుల్లో గానుగెద్దుకి గంతలు కట్టేవాళ్ళు," అన్నాడు శాంతయ్య, అంతసేపటికి మొదటిసారి నోరు విప్పి. "ఎద్దు ఎప్పుడూ కావాలని అడగలేదు."

నవ్వులు సద్దుమణిగేదాకా ఉదయ్ కుమార్ ఓపిగ్గా ఆగాడు. ఆగి, కనకమ్మ వైపు తిరిగాడు. ఇంతసేపూ పేర్చుకుంటూ వచ్చిన మెట్లన్నీ ఇక్కడికి ఎక్కడానికేనని ఆవిడకి అప్పుడు తెలిసింది. రోలు, బస్సు, తాటిచెట్టంత జంతువు ఊరికి. ఆరు టన్నులు తనకి.

"నవ్వండి, నవ్వండి. కనకమ్మగారు నవ్వరు. ఆవిడ తోట నేనెలా చూశానో చెబుతా, వినండి. పోయిన ఆదివారం పొద్దున్నే మా మేడెక్కి, పెట్టె కట్టుకుని, పెనుగొలను వైపు తిరిగా."

"మీ మేడ మీంచి మా ఊరు కనబడుతుందా?" అంది కనకమ్మ.

"ఊరేంటండీ, ఇంకాస్త పక్కకి తిరిగితే నెమలి ఊరి గుళ్ళో గంట ఊగడం కనబడింది. కొట్టిందెవరో కూడా చెప్పగలను, పొద్దున్నే ఇంట్లో చెప్పకుండా వచ్చిన మనిషి, బాగుండదని ఊరుకుంటున్నా. మీ తోటలో చెట్టు చెట్టుకీ నంబరు పడింది. కాయ కాయకీ ఎర్రగా అంకె వెలిగింది. గ్లోరి టీ మరిగేలోపు తోటంతా లెక్కైపోయింది. పద్దెనిమిది వేల నాలుగొందల పన్నెండు. పదకొండే అయ్యేది, ఒకటి ఆకు చాటున దాక్కుంది. 'నువ్వు కూడా రా' అన్నా. తల బయటికి పెట్టింది."

"జంతువే విన్నప్పుడు కాయెంత," అన్నాడు ఐజాక్.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? చిలకలు దిగాయి, యాభై దాకా. మేడ మీంచే చప్పట్లు కొట్టా. పెనుగొలనులో ఎగిరిపోయాయి. ఒక కాయని ఇలా చెయ్యి చాచి ముట్టుకున్నా. వేళ్ళకి సొనంటింది. మూడురోజులు సబ్బుతో తోమినా జిగురు పోలేదు. శ్రీలలితనడగండి. ఇంతకీ అన్ని కాయలకి కలిపి బరువెంతన్నా. పెట్టె ఒక్కో కాయనీ తూచి, ఆరు టన్నులంది. తొడిమలు తీసేసి చెప్పింది, అంత నికార్సు."

ఆరు టన్నులు. పోయినేడు శాంతయ్య నోటి మాట పది. కనకమ్మ కాగితాన్ని మోకాలి మీద పెట్టుకుని, దాని మడత సరిచేసింది. ఆవిడకి ఒక అంకె తెలుసు. తెలిసీ చెప్పకూడదు. నాలిక చివరిదాకా వచ్చిన ఆ అంకెని మింగి, దాని బదులు ప్రశ్నలు పైకి తీసింది.

"కాయలన్నీ చూశారా ఉదయ్ గారూ?"

"ఒక్కటి వదిలితే ఒట్టు."

"ఆదివారమేనా? అంతకు ముందు కాదుగా?"

"ఆదివారం పొద్దున. ఆరు దాటి పదినిమిషాలు."

"కాయ రంగు తెలిసిందా?"

"రంగా? ఒక్కో కాయ మొహం నాకు గుర్తుందండీ. తొడిమ దగ్గర పసుపు తిరిగినవి ఎన్ని, మచ్చపడ్డవి ఎన్ని, ఇంకా పచ్చగా ఉన్నవి ఎన్ని. తూర్పు గట్టున మూడో చెట్టు, కింది కొమ్మకి జంటకాయలు. అందులో ఒకదానికి ఇక్కడ, బుగ్గ మీద, చిన్న గీత. కావాలంటే రేపే వెళ్ళి చూడండి."

ఆ గీత దగ్గర ఐజాక్ కూడా మెత్తబడ్డాడు. అంత చిన్న విషయం కల్పించి చెప్పాల్సిన అవసరం ఎవడికుంటుందని అనిపిస్తుంది ఎవరికైనా. అబద్ధానికి బలం దాని ఎత్తులో లేదు, ఆ చిన్నగీతలోనే ఉంది.

కనకమ్మ లేచింది. ఉదయ్ కుమార్ పక్కన ఖాళీ అయిన కవరుంది, బజ్జీల నూనెతో. దాన్ని తీసుకుని, తన కుడిచేతిని మణికట్టు దాకా అందులో దూర్చి, కవరు మూతి బిగించి, ఆయన మొహం ముందు పెట్టింది.

"నా గోళ్ళకి పసుపుందా, మట్టుందా?"

ఉదయ్ కుమార్ నవ్వాడు. "కవరు లోపలుంటే ఎలా కనబడుతుందండీ?"

"నేనూ అదే అడుగుతున్నా."

ఆయనకి అందలేదు. బెంచీలకీ అందలేదు. శాంతయ్యకి ఒక్కడికి అందినట్టుంది, చేతిలో కవరుని మెల్లగా మోకాలి మీద పరిచి సాపు చేయడం మొదలుపెట్టాడు.

"ఇవి బజ్జీలు పెట్టుకునే కవర్లు కావు ఉదయ్ గారూ," అంది కనకమ్మ. గొంతు పెంచలేదు. "కాయలకి తొడిగేవి. ఈగ పుండు చెయ్యకుండా, మచ్చ పడకుండా. ఈ ఏడే మొదటిసారి తెప్పించా. పన్నెండుమంది ఆడవాళ్ళు నిచ్చెనలేసుకుని పది రోజులు తొడిగారు. ఆ పని అయిపోయి కూడా ఇరవై రోజులైంది. నా తోటలో ఇవాళ కాయ మొహం చూసినవాళ్ళు లేరు. నేను కూడా చూడలేదు. ఆదివారం పొద్దున మీకు పసుపుగా, పచ్చగా, బుగ్గ మీద గీతతో కనబడింది ఎవరి తోటో నాకు తెలియదు."

గ్లోరి చేతిలో గరిట ఆగింది. ఐజాక్ తన కవరుని తిప్పి, లోపలి నల్లపూతలోకి తొంగిచూశాడు.

"కవరుతో కలిపే తూచింది పెట్టె," అన్నాడు ఉదయ్ కుమార్. ఓడినవాడి నోట్లోంచి కూడా ఒక ముక్క దానంతటదే రాలుతుంది.

"అలాగైతే లెక్కన్నా కలవాలి. కాయల లెక్క నేను చెప్పను. తోట గలదాన్ని, చెప్పకూడదు. కవర్ల లెక్క చెప్పకూడదని మా అత్తగారు నాకు చెప్పలేదు. కట్టకి వంద చొప్పున మూడొందల కట్టలు దింపించా. రెండు కట్టలు మిగిలాయి. ఆ మిగిలినవాటిలోవే మీరు బజ్జీలు తిన్నారు. చిరిగినవి తీసేయండి, రాలినవి తీసేయండి, నా మీద నమ్మకం లేకపోతే ఇంకో వెయ్యి తీసేయండి. మీ పద్దెనిమిది వేలకి ఎంత దూరంలో ఆగుతారో మీరే చూసుకోండి."

కాగితం చింపలేదు ఆవిడ. నాలుగు మడతలు పెట్టి, అదే కవర్లో పెట్టి, ఆయన పక్కన బెంచీ మీద ఉంచింది. కాగితానికి నూనె పాకింది.

కాసేపటికి శాంతయ్య వైపు తిరిగింది. ఈ ప్రశ్న అడగడానికి ఉదయ్ కుమార్‌ని అడిగినదానికంటే ఎక్కువ ధైర్యం కావలసొచ్చింది. "శాంతయ్యన్నా, కాయలన్నీ కవర్లలో ఉన్నాయి. నీకా, ఒక కంటికి కట్టు విప్పి ఇంకా రెండు వారాలే. చూడగలవా?"

శాంతయ్య నల్లద్దాలు సర్దుకున్నాడు. "కాయ కనబడక్కర్లేదమ్మా. కొమ్మ ఎంత వంగిందో కనబడితే చాలు." మళ్ళీ తనే అన్నాడు, "ఆ పెట్టె కూడా వస్తుందిలే. వచ్చి గ్లోరి కొట్టు దాకా దిగినా దిగుతుంది. దిగనీ. దాన్ని కట్టుకున్నవాడు కూడా ముందు తోటకి వెళ్ళాలిగా."

పెనుగొలను బస్సు స్టాండులోకి తిరిగింది. కనకమ్మ సంచి భుజాన వేసుకుని రెండడుగులు వేసి ఆగింది. ఉదయ్ కుమార్ నూనె కవరుని చూస్తూ, ఎవరినీ కాకుండా, మెల్లగా అడిగాడు, "పెనుగొలనుకి పొద్దున ఫస్టు బస్సు ఎన్నింటికి?"

"ఆరింటికి," అంది గ్లోరి. "పెట్టె తేకండి. దానికి ఎండ పడదు."

నూజివీడు మాట ఆయన మళ్ళీ ఎత్తలేదు. వ్యాపారి, ముప్ఫై వేల కాయ వదులుకుని ఎక్కడికి పోతాడు?

కనకమ్మ బస్సు మెట్టు మీద ఒక కాలు పెట్టి, బెంచీల వైపు తిరిగింది. "మీరు కూడా రండి. ఐజాకూ, ఆటోలో పట్టినంతమందిని తీసుకురా. గ్లోరీ, రేపొక్క పూట కొట్టు ఆలస్యంగా తెరువు. తలా ఒక చెట్టు కింద నిలబడి కవర్లు లెక్కపెట్టండి. శాంతయ్యన్న మాట చెప్పాక మీ లెక్క మీరు చెప్పండి. కట్టుబాటు నా నోటికుంది గాని మీ నోళ్ళకి లేదు. గట్టిగా చెప్పండి, తోట అవతలి గట్టు దాకా వినబడేలా."